తరుగు

తడిసిన ట్రే బరువు రెండు కిలోలు.
నేను కాటాకి చెప్పిన లెక్క రెండుంబావు.

ఆ పావుకిలో ఎవరికీ కనపడదు.
గంగపట్నం గుంటల మీద రాత్రి రెండు గంటలకి
జనరేటర్ మోత, వల లాగేవాళ్ల కేకలు,
ఐసు మీద ఎగిరెగిరి పడే రొయ్యలు.
ఆ గోలలో ఎర్ర అంకెల మీద ఎవరి చూపు నిలుస్తుంది?
మస్తానయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని
కాటా వైపు కాదు, నా మొహం వైపు చూసినాడు.
"నువ్వుండావు గదా దేవసాయం,
ఇంక నేను చూసేదేముంది" అని
బీడీ ముట్టించుకున్నాడు.

తొంభై ఆరు ట్రేలు.

"కారే నీళ్ల లెక్కయ్యా అది,
పాపం కాదు, యాపారం" అంటా
ఏజెంటు నా జేబులో ఐదొందలు దోపినాడు.

తెల్లారితే ఆదివారం.
సబ్బుతో రెండు దఫాలు రుద్దినా
గోళ్ల సందుల్లో నీచు పోలేదు.
నెల మొదటి వారం గదా,
బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది నేనే.
చందా సంచి పట్టుకుని వరస వరసకీ తిరిగింది నేనే.
ఆ ఐదొందల్లో యాభై అందులో వేసింది కూడా నేనే.
ఓబులమ్మవ్వ కొంగు ముడి విప్పి
పదిరూపాయల బిళ్ల జారవిడిచి
సంచిలోకి చూసుకోలేదు,
నా మొహంలోకి చూసి నవ్వింది.
అదే చూపు. గట్టు మీది చూపు.

రొట్టె పళ్లెం నా దాకా వచ్చింది.
చిటికెడు ముక్క, దానికి బరువేముంటుంది?
వేళ్లతో తాకి, తియ్యలేక,
పళ్లేన్ని పక్కాయనకి అందించినా.
ఒంట్లో బాగలేదా అని
ఆడోళ్ల వరసలోంచి దీనమ్మ కళ్లతోనే అడిగింది.

ప్రభువా, పాటలో నా గొంతు పెద్దది.
ప్రార్థనలో వచ్చే కన్నీళ్లు కూడా దొంగవి కావు, నీకు తెలుసు.
ఇస్త్రీ చొక్కా, సంఘపెద్ద అన్న పేరు,
ఈ గొంతు, ఈ కన్నీళ్లు,
అంతా ట్రే బరువు కింద తీసేస్తే
నీ కాటా మీద నాది మిగిలేదెంత?
నువ్వు పావుకిలో ఎక్కువ తియ్యవు.
భయమల్లా అదే.

మధ్యాన్నం చందా రశీదు వెనకాల లెక్క కట్టినా.
ఇరవై నాలుగు కిలోలు. కిలో మూడొందల నలభై.
ఎనిమిది వేల నూట అరవై.
దీనమ్మని చీటీ డబ్బులు అడిగినా.
ఎందుకంది. చెప్పినా.
చానాసేపు మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు పొంగి
సగం బూడిదలో కలిసినాక లేచి
బియ్యం డబ్బాలోంచి మూట తీసుకొచ్చింది.
"వంటింటికి రేకులు ఏయిద్దామనుకున్నా" అని
ఆ ఒక్క మాటే అంది.

సోమవారం గుంట ఎండుతా ఉంది.
నల్లబురద నెర్రెలిచ్చింది. మస్తానయ్య సున్నం చల్లుతున్నాడు,
మోచేతుల దాకా తెలుపు.
డబ్బిచ్చినా. ఉన్నదున్నట్టు చెప్పినా.
తిడతాడనుకున్నా. కొడితే ఇంకా బాగుండు.
లేదా, దాచడమెందుకు,
"ఎంత మంచోడివి దేవసాయం" అంటాడేమోనని
మనసులో ఓ మూల ఆశ కూడా పడినా.
ఆయన వేలు తడుపుకుని
నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి
మొలలో దోపుకున్నాడు.
సున్నం గిన్నె మళ్లీ చేతికి తీసుకుని అడిగినాడు:
"మరి పోయిన పంట?"

కొంగలు లేచి, అవతలి గట్టున వాలినాయి.

పోయిన పంట. అంతకు ముందుది.
పక్క గుంట రమణారెడ్డిది, కాలవ అవతల కరిమున్నీసాది,
మొగుడు పోయినాక ఒంటిచేత్తో మేత చల్లే మనిషిది.

ఇంటికొచ్చి అటక మీంచి
ఆరేళ్ల పుస్తకాలు దించినా.
దుమ్ము దులిపి మొదటిది తెరిస్తే
ప్రతి పేజీ పైనా, గీత గీసి,
నా చేత్తో నేనే రాసుకున్న మాట:
దేవునికి స్తోత్రం.

పెన్సిలు చెక్కుకుని
దాని కింది వరస నుంచి మొదలుపెట్టినా.